ఏటి దిబ్బకి మొక్కలు కొనే నర్సరీ: ముందు వరస దాటి వెనక్కి వెళ్ళండి

భీమిలి దగ్గర గోస్తని పాయల మధ్య దిబ్బ మీద మేం కొందరం ఆదివారాలు సర్కారు తుమ్మ తీస్తుంటాం. పైపైన నరికితే లాభం లేదు, వానలు పడగానే మొదట్లోంచి గుబురుగా లేస్తుంది. గునపంతో తవ్వి మొదలుతో సహా పీకాలి. ఖాళీ అయిన చోటికి మొక్కలు కొనే పని నాది. కాబట్టి బాల్కనీ కుండీల కోసం చూసేవాళ్ళకి ఈ రివ్యూ పనికిరాదు.

నర్సరీ ఆనందపురం దారిలో ఉంది. రోడ్డు వైపు అంతా కోనోకార్పస్, కాగితం పూలు, రంగు రాళ్ళు. అశోకం అని అమ్మేది నరమామిడి (ఈ ఒక్క నర్సరీ అనే కాదు, ఎక్కడైనా అంతే). షెడ్డు వెనక్కి వెళ్తే అసలు సరుకు: కానుగ, నేరేడు, తెల్లమద్ది. తెల్లమద్ది ఎలాగూ ఏటి గట్ల చెట్టే. కానుగ ఉప్పు నేలని ఓర్చుకుంటుంది, చిక్కుడు కుటుంబం కాబట్టి నత్రజని కూడా తనే సంపాదించుకుంటుంది. ఇసుక దిబ్బకి ఇంకేం కావాలి?

"ఏటమ్మా, ఇంత సిన్న మొక్కలా? ఆరడుగులవి ఇస్తాను కదా" అంటాడు ఓనరు. వద్దంటాను. ఫొటోలో బాగుంటాయని అందరూ పెద్దవే అడుగుతారు. చిన్న కవర్లో ఏళ్ళ తరబడి పెరిగిన మొక్కకి వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకుపోతాయి, నాటినా నేలని పట్టుకోవు. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరికి గాలి గురించి నేను చెప్పాలా? పైగా మొక్కల్ని పడవలో దాటించాలి. మోకాలెత్తు మొక్క చాలు.

నాకు నచ్చింది, కవరు ఎత్తి అడుగు చూస్తానంటే ఈయన విసుక్కోడు. ఒకటి రెండు చింపి వేళ్ళు కూడా చూపిస్తాడు. నచ్చనిది లోడింగ్. కుర్రాళ్ళు మనం ఏరి పెట్టినవి వదిలేసి చేతికందినవి ఎక్కించేస్తారు, ఆటో పక్కనే నిలబడాలి. కానుగ 25 రూపాయలు, మద్ది 40. వందకి పైన కావాలంటే వేసవిలోనే చెప్పాలి, జూలైలో వెళ్ళి అడిగితే మిగిలినవే ఇస్తాడు.

వావిలి కూడా ఉంది గానీ డబ్బులు దండగ. ఎవరి కంచెలోనైనా కొమ్మ అడిగి తెచ్చి తడి నేలలో గుచ్చితే వేళ్ళు పడుతుంది. గట్టు కోతకి వట్టివేరు పిలకలు కావాలంటే మాత్రం వేరే చోటు చూసుకోవాలి, ఇక్కడ పెట్టరు.