స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్: ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ మార్కులు వేసుకుంటూ చూసిన ఒక గుంటూరు లాయరు సమీక్ష

మొత్తం సీరియల్‌కు నా మార్కు ముందే చెప్పేస్తాను: పదికి ఎనిమిది. 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లుగా వచ్చిన, భవిష్యత్తులో ఒక అంతరిక్ష ఓడ సిబ్బంది కథ చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'కు నేను వేసిన మార్కులన్నీ కూడి భాగిస్తే అంత రాదు. మొదటి సీజన్ ఒక్కటే సగటును కిందికి లాగేస్తుంది. అయినా ఎనిమిది ఎందుకంటే, ఇందులోని గొప్ప ఎపిసోడ్లు ఎన్నేళ్ల తర్వాత చూసినా గొప్పగానే ఉన్నాయి. అలా నిలిచినవి ఏవో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది బ్రాడీపేట. నేను గుంటూరు కోర్టుల్లో సివిల్ ప్రాక్టీసు చేస్తాను. భోజనాలయ్యాక రాత్రికి ఒక ఎపిసోడ్, సుమారు ముప్పావు గంట. అయిపోగానే పాత వాయిదాల డైరీలో ఖాళీ పేజీ తీసి మార్కు రాస్తాను, కింద ఎందుకో నాలుగు ముక్కలు. ఏడు సీజన్లూ అయ్యాక మళ్లీ మొదటి నుంచి చూస్తూ రెండో మార్కు పక్కన వేశాను. మొదటిది కొట్టేయలేదు. ఈ రెండింటి మధ్య తేడాయే నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. మొదటిసారి వేసేది ఆశ్చర్యానికి వేసే మార్కు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసి కూడా కూర్చోబెట్టగలిగితే అది కథకు వచ్చిన మార్కు. అర మార్కులు వేయను. ఏడా ఎనిమిదా తేల్చుకోలేకపోతే మర్నాడు పొద్దున మళ్లీ ఆలోచిస్తాను. మా అమ్మాయి మార్కులు మాత్రం పెన్సిలుతో, వేరే వరసలో ఉంటాయి. ఆమెకూ నాకూ ఎక్కడ పొత్తు కుదరలేదో ముందు ముందు చెబుతాను.

మొదటి సీజన్ గురించి ఎక్కువ చెప్పను. 'కోడ్ ఆఫ్ ఆనర్'కు ఒకటి వేశాను. నల్లజాతి నటులందరినీ ఒక గ్రహం మీద పెట్టి, ఆడపిల్లను ఎత్తుకెళ్లే మోటు మనుషుల్లా చూపించిన కథ అది. మనుషులు జాతి భేదాలు దాటేశారని చెప్పే సీరియల్‌లో ఇది రావడం బాధ కలిగించింది. ఆ సీజన్‌లో చాలా ఎపిసోడ్లు నాలుగు, అయిదు దగ్గర ఆగిపోయాయి. కొత్తగా చూసేవాళ్లు దీనితో మొదలుపెట్టి మానేస్తుంటారు. అందుకే అడిగిన ప్రతివాళ్లకూ నేను రెండో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ చూపిస్తాను.

అది 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్'. 1989 ఫిబ్రవరిలో వచ్చింది. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ లాయరుగా పనిచేసినావిడ. ఆ సంగతి తెలియకముందే, చూస్తుంటే నాకు అనుమానం వచ్చింది. కథ ఇది: ఓడలో పనిచేసే, మనిషి రూపంలోని యంత్రమైన ఆండ్రాయిడ్ అధికారి డేటాను విప్పి, లోపల ఏముందో చూసి, అలాంటివాళ్లను మరెందరినో తయారుచేయాలని మ్యాడాక్స్ అనే శాస్త్రవేత్త వస్తాడు. డేటా ఒప్పుకోడు, రాజీనామా చేస్తానంటాడు. రాజీనామా చేసే హక్కు నీకు లేదు, నువ్వు స్టార్‌ఫ్లీట్ (ఈ ఓడలను నడిపే దళం) ఆస్తివి అంటాడు మ్యాడాక్స్. విచారణ మొదలవుతుంది. అక్కడి న్యాయాధికారి ఫిలిపా లువాకు చేతికింద సిబ్బంది లేరు. కాబట్టి డేటా తరఫున ఓడ కెప్టెన్ పికార్డ్ వాదించాలి, డేటాకు వ్యతిరేకంగా అతని స్నేహితుడు, కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్ వాదించాలి. రైకర్ మొదట ఒప్పుకోడు. నువ్వు ఒప్పుకోకపోయినా, మనసు పెట్టి వాదించకపోయినా డేటా ఆస్తే అని ఇప్పుడే తీర్పు రాసేస్తానంటుంది ఆవిడ. అంటే శల్య సారథ్యానికి కూడా దారి లేదు. స్నేహితుడిని కాపాడాలంటే స్నేహితుడి మీద గెలవడానికే వాదించాలి. ఇంతకన్నా గట్టి ఇరకాటం నేను ఏ కోర్టు కథలోనూ చూడలేదు.

రైకర్ వాదన చూడండి. డేటా చేతిని మణికట్టు దగ్గర విప్పి బల్ల మీద పెడతాడు. తర్వాత మాటల మధ్యలోనే వెనక నుంచి స్విచ్ నొక్కి డేటాను ఆపేస్తాడు. డేటా బల్ల మీదికి వాలిపోతాడు. వాదన పూర్తి. రెండోసారి చూసినప్పుడు నేను డేటాను కాదు, రైకర్ ముఖాన్నే చూస్తూ ఉండిపోయాను.

మన దగ్గర ప్రాక్టీసు చేసే ఎవరికైనా ఇక్కడ ఒక కేసు గుర్తొస్తుంది. 1925లో, బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ తేల్చిన కలకత్తా మల్లిక్ కుటుంబం కేసు. ఇలవేల్పు విగ్రహాన్ని వంతుల ప్రకారం ఎవరింట్లో పెట్టుకోవాలన్నది తగాదా. విగ్రహమంటే ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ మోసుకుపోయే చరాస్తి కాదు, దాని ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి, దాని తరఫున ఈ తగాదాతో సంబంధం లేని మనిషిని నిలబెట్టాలి అని తీర్పు. దేవుడి పేరున పొలం ఉండటం, దేవుడే వాదిగా దావా వేయడం మనకు వింత కాదు. దేవాలయ భూముల కేసుల్లో ఆ పేర్లు మేం రోజూ చదువుతూనే ఉంటాం. రాతికీ లోహానికీ చట్టం ముందు వ్యక్తి హోదా ఇచ్చిన న్యాయం మనది. మాట్లాడే, వయొలిన్ వాయించే, చనిపోయిన సహచరి బొమ్మను పెట్టెలో దాచుకునే డేటాకు ఆ హోదా ఇవ్వడానికి ఇంత తర్జనభర్జన ఎందుకు అని మొదటిసారి నాకు విసుగొచ్చింది.

రెండోసారికి ఆ విసుగు పోయింది. పికార్డ్ వాదన తిరిగే మలుపు డేటా గొప్పతనంలో లేదు. ఓడలో బారు నడిపే గైనన్‌గా చేసిన నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్, పికార్డ్‌తో కూర్చుని నెమ్మదిగా ఒక మాట తవ్వి తీస్తుంది: ఒక్క డేటా సంగతి కాదిది, రేపు వేల మంది డేటాలు వస్తే, వాళ్ల శ్రమకు విలువ కట్టనక్కర్లేని జనం తయారవుతారు. బానిసత్వం అన్న మాట పికార్డ్ నోట వచ్చే క్షణంలో ఆ మాట ఎవరి ముందు వస్తోందో గమనించండి. విగ్రహానికి హోదా ఇస్తే పనివాళ్లు ఎవరూ పోరు. డేటాకు ఇస్తే ఒక పెద్ద పథకమే ఆగిపోతుంది. తేడా అక్కడుంది.

లాయరుగా నాకు రెండు అభ్యంతరాలున్నాయి. లువా గతంలో పికార్డ్ మీదే సైనిక విచారణలో ప్రాసిక్యూటరు. అలాంటి న్యాయాధికారి ఈ కేసు వినకూడదు. పైగా అవతలి వకీలు ఇవతలి వకీలు చేతికింద పనిచేసే ఉద్యోగి. మా బార్‌లో ఎవరైనా ఈ రెండు సంగతులు వింటే లేచి నిలబడతారు. అందుకే మొదటిసారి తొమ్మిది. రెండోసారి పదే వేశాను, ఎందుకంటే ఆ ఇరుకే లేకపోతే రైకర్ లేడు. బ్లూ-రేలో దీనికి పొడిగించిన కూర్పు కూడా ఉంది. తెలిసిన కథే అయినా అది తప్పకుండా చూడాలి.

ఇక డబ్బు సంగతి. రెండో సీజన్‌కు రచయితల సమ్మె దెబ్బ తగిలి 22 ఎపిసోడ్లే వచ్చాయి. చివరిదైన 'షేడ్స్ ఆఫ్ గ్రే'కు ఖర్చు తగ్గించాలని, జబ్బుపడి పడుకున్న రైకర్ జ్ఞాపకాలంటూ పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించారు. దానికి నా మార్కు ఒకటి, రెండోసారి కూడా ఒకటే. నాలుగో సీజన్‌లో మళ్లీ అదే ఇబ్బంది వచ్చింది. మళ్లీ ముక్కల ఎపిసోడే చేయమన్నారు. ఈసారి వాళ్లు దాన్ని తప్పించి, ఉన్న సెట్లలోనే, విచారణ గదిలోనే నడిచే 'ది డ్రమ్‌హెడ్' తీశారు. 1991లో వచ్చింది, దర్శకుడు రైకర్ పాత్రధారి జోనథన్ ఫ్రేక్స్. ఒక గూఢచారి దొరుకుతాడు, ఇంజిన్ గదిలో పేలుడు జరుగుతుంది, రిటైరైన అడ్మిరల్ సేటీ వచ్చి విచారణ మొదలుపెడుతుంది. పేలుడు ప్రమాదమేనని తేలిపోయాక కూడా విచారణ ఆగదు. టార్సెస్ అనే చిన్న వైద్య ఉద్యోగి ఏదో దాస్తున్నాడని పట్టుకుంటారు. వాడు దాచిందల్లా తన తాత శత్రుజాతి రోములన్ అన్న సంగతి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు వాడుకుంటాడు. ఆ మౌనమే నేరమన్నట్టు గదంతా వాడివైపు చూస్తుంది.

మన రాజ్యాంగం 20(3) అధికరణం ఉన్నది ఆ గదిలోని కుర్రాడి కోసమే: నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. చదువుకునే రోజుల్లో దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాం. టార్సెస్ కుర్చీలో కూర్చున్న తీరు చూశాక, ఆ వాక్యం ఎంత సన్నటి గోడో, దాని మీద ఎంత బరువు ఆనుకుని ఉందో అర్థమైంది. ఇప్పుడు మా ఆఫీసుకు కొత్తగా చేరే జూనియర్లకు ఈ ఎపిసోడ్ చూపిస్తున్నాను. రెండుసార్లూ పదే. జీన్ సిమన్స్ సేటీగా నటించిన తీరుకు వేరే మార్కులు ఉంటే బాగుండేది. మొదట ఎంత మర్యాదగా నవ్వుతుందో ఆవిడ!

పికార్డ్‌ను శత్రువులు ఎత్తుకెళ్లే కథ, అందరూ నెత్తిన పెట్టుకునే 'ది బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్'కు మొదటి భాగానికి తొమ్మిది, రెండో భాగానికి ఏడు. 1990లో మొదటి భాగం జూన్‌లో, రెండోది సెప్టెంబరులో వచ్చింది. ఆ మూడు నెలల టెన్షన్ మనకు దొరకదు, వెంటనే రెండోది నొక్కేస్తాం. దాని తర్వాత వచ్చే 'ఫ్యామిలీ'కి మాత్రం రెండోసారి తొమ్మిదికి పెంచాను. శత్రువుల చేతిలో నలిగిపోయి వచ్చిన పికార్డ్, సొంతూళ్లో అన్నతో బురదలో కొట్టుకుని ఏడుస్తాడు. ఒక్క తుపాకీ పేలదు.

'ది ఇన్నర్ లైట్' గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1992లో వచ్చింది, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు గెలిచింది. ఒక పరికరం తగిలి పికార్డ్ స్పృహ తప్పుతాడు. ఓడ మీద గడిచింది పాతిక నిమిషాలు. అతను మాత్రం ఎప్పుడో నాశనమైన ఒక గ్రహం మీద కామిన్ అనే మనిషిగా పెళ్లాం పిల్లలతో ముసలివాడయ్యేదాకా బతుకుతాడు. ఏటేటా వాన తగ్గుతుంది, నేల ఎండుతుంది. కామిన్ మట్టి పరీక్షలు చేసి అధికారికి చెబితే, ఈ సంగతి పైవాళ్లకు ఎప్పుడో తెలుసని, జనం కంగారుపడతారని దాచారని తెలుస్తుంది. రోహిణి కార్తెలో, రాత్రి తొమ్మిదైనా గోడలు వేడి కక్కుతున్న మా ఇంట్లో దీన్ని చూశాం. సాగర్ కుడి కాలువ చివరి భూముల రైతులు నా దగ్గరికి వస్తుంటారు. నీళ్లు రావని ముందే చెప్పి ఉంటే విత్తనం వేసేవాళ్లం కాదని వాళ్లు అనడం నేను విన్నాను. ఆ అధికారి సన్నివేశం వాళ్లందరిదీ. రెండుసార్లూ పది. మా అమ్మాయి కూడా పదే వేసింది.

'డార్మాక్' దగ్గర ఇద్దరికీ కుదరలేదు. ఆమె తొమ్మిది, నేను ఏడు. అందులోని పరగ్రహ జాతి టమేరియన్లు మాట్లాడేదంతా వాళ్ల పురాణాల్లోని పేర్లతోనే. "త్రిశంకు స్వర్గం, ఉత్తర కుమార ప్రగల్భాలు అని మనం అనడం లేదా అమ్మా, కథ తెలియనివాడికి అదీ ఇంతేగా" అంది. ఆ మాటతో నాకు ఎపిసోడ్ బాగా దగ్గరైంది. అయినా కథ మొత్తం పేర్లతోనే నడిచే జాతి, ఇంజిన్ బిగించడం పిల్లలకు ఎలా నేర్పుతుందన్న నా ప్రశ్నకు ఆమె దగ్గరా జవాబు లేదు. ఏడు అలాగే ఉంచాను.

'చైన్ ఆఫ్ కమాండ్' రెండో భాగానికి తొమ్మిది. హింసించేవాడు నాలుగు దీపాలు చూపించి అయిదని చెప్పమంటాడు. పికార్డ్ చివరిదాకా చెప్పడు. కానీ విడుదలయ్యాక, నాకు నిజంగానే అయిదు కనపడ్డాయని ఒప్పుకుంటాడు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువు చేయకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఎందుకు చెప్పిందో ఆ ఒక్క మాట వివరిస్తుంది.

చూసే పద్ధతి గురించి ఒక సంగతి. వీలైతే బ్లూ-రే కూర్పే చూడండి. దీన్ని 35 ఎంఎం ఫిల్ము మీద తీసి, కూర్పు మాత్రం వీడియో టేపు మీద చేశారు. అందుకే పాత ప్రింట్లు మసకగా ఉంటాయి. బ్లూ-రే కోసం అసలు నెగటివ్‌లు వెతికి తీసి, ప్రతి ఎపిసోడ్‌నూ మళ్లీ కూర్చారు. 'సబ్ రోసా' లాంటి రెండు మార్కుల దెయ్యం కథ కూడా అందులో చూడటానికి అందంగానే ఉంటుంది, అది వేరే విషయం.

చివరిగా 'ది ఆఫ్‌స్ప్రింగ్'. మూడో సీజన్‌లోది, ఫ్రేక్స్ దర్శకత్వం వహించిన మొదటి ఎపిసోడ్. డేటా తనకొక కూతుర్ని తయారుచేసుకుంటాడు, పేరు లాల్. ఒక అడ్మిరల్ వచ్చి ఆ పిల్లను తన దగ్గరికి పంపించమంటాడు. మొదటిసారి ఎనిమిది వేశాను, ఎందుకంటే లాల్ చనిపోవడం తొందరగా ముగించినట్టు అనిపించింది. రెండోసారి పది. పిల్లల కస్టడీ కేసుల్లో తల్లిదండ్రుల హక్కు కన్నా పిల్ల క్షేమమే ముఖ్యమని మేం వాదిస్తాం. ఇక్కడ అడ్మిరల్ వాడేది అచ్చంగా అదే వాదన, పిల్ల కోసమేనంటూ. ఆ మంచి సూత్రాన్నే పిల్లను లాక్కోవడానికి వాడొచ్చని ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. పికార్డ్ ఆ ఆజ్ఞకు అడ్డుపడతాడు. డేటా ఎవరి ఆస్తీ కాదని వచ్చిన తీర్పు అప్పటికి ఏడాది పాతది. దాన్ని సైటేషన్‌గా పట్టుకుని లాల్ తరఫున నిలబడే ఒక్క వకీలును ఆ ఓడలో పెట్టి ఉంటే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇదే చిక్కు 2001లో, స్టార్ ట్రెక్ వరసలోనే మరొకటైన 'వోయేజర్' సీరియల్ ఏడో సీజన్‌లో, 'ఆథర్, ఆథర్' అనే ఎపిసోడ్‌లో మళ్లీ వస్తుంది. అక్కడ కాంతితో తయారైన మనిషి బొమ్మ, హోలోగ్రామ్ డాక్టరును కళాకారుడిగా ఒప్పుకుని, వ్యక్తిగా ప్రకటించడానికి మాత్రం వెనకాడతారు. మేం ఇప్పుడు వోయేజర్ మూడో సీజన్‌లో ఉన్నాం. అమ్మాయి పెన్సిలు మార్కులు ఈసారి నా మార్కులకన్నా ముందు నడుస్తున్నాయి.