గుంటూరు–విజయవాడ నాన్‌స్టాప్: ఏళ్ల తరబడి ఎక్కుతున్నదాన్ని చెబుతున్నాను

ఈ బస్సు ఎన్నింటికి ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఇన్నేళ్లలో ఆ సంగతి తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. గుంటూరు ఎన్టీఆర్ బస్టాండ్‌కి వెళ్లేసరికి ఒక బస్సు నిండుతూ ఉంటుంది, దాని వెనకాల ఇంకోటి కాచుకుని ఉంటుంది. కిందే టికెట్ తీసుకుని ఎక్కి కూర్చోవడమే. నిండగానే కదులుతుంది, మళ్లీ ఆగేది విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లోనే. నాకు ఈ బస్సంటే ఇంత ఇష్టం ఉండటానికి కారణం సీట్లు కాదు, వేగం కాదు, ఛార్జీ అసలే కాదు. పొద్దున్నే గడియారం చూసుకుంటూ పరుగెత్తే టెన్షన్ లేదు, అంతే.

సీజన్ టికెట్ తీసుకుని రైల్లో వెళ్తే ఇందులో సగం ఖర్చు కూడా కాదు. అది అందరికీ తెలిసిందే. కానీ పిల్లాడు టిఫిన్ దగ్గర మొండికేసిన రోజున ఇంట్లో పది నిమిషాలు ఆలస్యమైతే బస్సులో ఆ పది నిమిషాలే ఆలస్యం. రైలు తప్పిపోతే తరవాతి రైలు దాకా ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. పొద్దున వంట, పిల్లలు, అత్తగారి మందులు అన్నీ చూసుకుని బయటపడే ఆడదానికి ఈ తేడా చిన్నది కాదు.

విజయవాడలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇల్లు మారదామా అని ఇంట్లో చాలా చర్చ జరిగింది. మారలేదు. మా ఆఫీసులో నాలాంటి గుంటూరు వాళ్లం చాలామందిమి ఉన్నాం. ఇళ్లు గుంటూరులో, జీతాలు విజయవాడలో. పెళ్లి బట్టలకి బీసెంట్ రోడ్డుకి పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాళ్లని రోజూ బస్సులో చూస్తాను. మా మామయ్యగారి చిన్నతనంలో గుంటూరు బస్సులు ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లేవట, విజయవాడ వెళ్లడమంటే ఒక రోజు పని అనుకునేవారట. 1957లో కట్టిన ఆ బ్యారేజీ మీదకి ఇప్పుడు పెద్ద వాహనాలని రానివ్వరు. బస్సులు కనకదుర్గ వారధి మీదుగా వెళ్తాయి. రెండు ఊళ్లు ఇంత దగ్గరయ్యాయంటే వారధి ఒక్కటే కారణమని నేను అనుకోను. ఆ వారధి మీద ఎప్పుడూ ఒక బస్సు ఉంటుంది, అది ముఖ్యం. రోజుకి నాలుగే బస్సులు ఉండి ఉంటే మేం ఎప్పుడో పటమటలోనో గుణదలలోనో అద్దెకి దిగేవాళ్లం.

2024 ఆగస్టు 31 గురించి చెప్పకుండా ఈ బస్సు గురించి రాయలేను. శనివారం. ఆ మర్నాడే బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయింది. మాకు ముందు రోజు రాత్రి మొదలైన వాన పొద్దుటికీ తగ్గలేదు, అయినా ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి పంపించేశారు. ఈలోగా కాజ టోల్ ప్లాజా దగ్గర హైవే మీదకి నీళ్లు వచ్చాయని ఇంటి నుంచి ఫోన్. బస్టాండ్‌కి వెళ్తే మా బస్సు ఉంది. టికెట్లు ఇచ్చే ఆయన ఒక్కొక్కరికీ చెప్పి మరీ ఇస్తున్నాడు: "కాజ దగ్గర నీళ్లున్నాయమ్మా. బండి వెళ్తుంది గానీ ఎప్పటికి చేరుతుందో నేను చెప్పలేను. ఇక్కడ చుట్టాలెవరైనా ఉంటే ఆగిపోండి." కొందరు ఆగిపోయారు. నేను ఎక్కాను.

వారధి దాటాం, తాడేపల్లి దాటాం, చినకాకాని వచ్చేసరికి బండ్లన్నీ నిలిచిపోయి ఉన్నాయి. డ్రైవర్ గారు ఇంజన్ ఆపేసి, గుంటూరు వైపు నుంచి వస్తున్న వేరే డ్రైవర్లకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. తెలిసిన ప్రతి మాటా వెనక్కి తిరిగి గట్టిగా మాకు చెప్పేవారు. "లారీలు కదులుతున్నాయంట." "ఎడమ పక్కన లోతుగా ఉందంట, మనం కుడి పక్కనే పోదాం." ఎంతసేపు పడుతుందో తెలియకపోయినా, ఏం జరుగుతోందో తెలుస్తుంటే మనిషికి సగం భయం పోతుందని ఆ రోజు అర్థమైంది.

కాజ దగ్గర నీళ్లలోకి దిగేటప్పటికి మసక చీకటి. ఫుట్‌బోర్డు కింది మెట్టు మీదకి ఎర్రటి నీళ్లు వచ్చాయి. డ్రైవర్ గారు ముందు వెళ్తున్న లారీ చక్రాల జాడనే పట్టుకుని మొదటి గేర్లో నడిపారు. ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు ముందుకొచ్చి, ఒకడు తలుపు దగ్గర, ఒకడు కుడి కిటికీ దగ్గర సెల్‌ఫోన్ లైటు వేసి డివైడర్ అంచు చూస్తూ అరుస్తున్నారు: "కనిపిస్తోంది అంకుల్, ఇంకో జానెడు ఎడమకి రండి." బస్సులో ఇంకెవరూ మాట్లాడలేదు. నీళ్లు దాటాక ఒక పెద్దావిడ తన సంచిలోంచి జామకాయలు తీసి ముందు డ్రైవర్ గారికి, తరవాత ఆ పిల్లలకి ఇచ్చింది.

అక్కడి నుంచి పెదకాకానిలో, గుంటూరు ఆటోనగర్ దగ్గర, ఎవరు ఎక్కడ అడిగితే అక్కడ ఆపుతూ వచ్చారు. గుంటూరులో కరెంటు లేదు, బస్టాండ్ బయట ఆటోలు లేవు. ఆయన డ్యూటీ అయిపోయింది. అయినా బస్సు లోపలి లైట్లు ఆర్పకుండా, "మీ వాళ్లు వచ్చేదాకా లోపలే కూర్చోండమ్మా" అని మమ్మల్ని కూర్చోబెట్టారు. మా ఆయన స్కూటర్ మీద వచ్చేవరకు నేను ఆ వెలుతురులోనే ఉన్నాను. ఆ డ్రైవర్ గారి పేరు అడగలేదు. తరవాత మళ్లీ ఆ డ్యూటీలో కనబడలేదు.

ఇంత పొగిడాక కొన్ని సంగతులు చెప్పాలి. గడియారం చూసుకోనక్కర్లేదని అన్నాను కదా, అది పొద్దున పూట మాట. పండగ ముందు సాయంత్రం, పెళ్లిళ్ల రోజుల్లో విజయవాడ బస్టాండ్‌లో నిలబడి చూడండి. బస్సు వస్తుంది, కానీ అది ఆగకముందే కిటికీల్లోంచి సీట్ల మీద సంచులు పడిపోతాయి. నాలాంటి వాళ్లకి రెండో బస్సో మూడో బస్సో.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. నాన్‌స్టాప్ ఆ లిస్టులో లేదు. నాతో రోజూ వచ్చే ఇద్దరు ముగ్గురు మంగళగిరి మీదుగా వెళ్లే బస్సులకి మారిపోయారు. "నెలకి ఎంత మిగులుతుందో లెక్కేశావా అక్కా?" అని అడుగుతారు. వాళ్లు అన్నది నిజమే. ఒక్క జీతం మీద నడిచే ఇల్లయితే నేనూ మారిపోయేదాన్ని.

ఇంకో సంగతి ఈ మధ్యనే నా బుర్రలో పడింది. మా చిన్నత్తగారిని మంగళగిరి ఎయిమ్స్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది. హైవే మీద ఇన్ని నాన్‌స్టాప్‌లు వెళ్తున్నాయి, అక్కడ ఆగవు కాబట్టి ఒక్కటీ మాకు పనికిరాదు. నాగార్జున యూనివర్సిటీ పిల్లలకీ, తాడేపల్లి కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లకీ ఇదే ఇబ్బంది. ఈ పదేళ్లలో ఊరంతా ఈ రోడ్డు పొడవునా పెరిగింది. ఆ మధ్యలో ఉన్నవాళ్లు కారో బైకో కొనుక్కోక ఏం చేస్తారు? నాన్‌స్టాప్‌ని ఆపమని నేను అనను, ఆపితే నాకున్న సుఖం పోతుంది. ఇంత తరచుగా నడిచే బస్సు ఇంకోటి, ఎయిమ్స్ దగ్గర, యూనివర్సిటీ దగ్గర ఆగుతూ, కావాలి. మెట్రో వస్తే బాగుంటుందని అందరూ అంటారు గానీ, మొదటి దశలో అనుకున్న రెండు లైన్లూ పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి గన్నవరం వైపు, పెనమలూరు వైపు వెళ్లేవే. కృష్ణకి ఇవతల ఉన్న మాకు మాత్రం బస్సే దిక్కు.

గుంటూరులో దిగాక కూడా చూసుకోవాలి. శంకర్ విలాస్ పాత వంతెన పడగొట్టి కొత్తది కడుతున్నారు కాబట్టి బస్టాండ్ నుంచి బ్రాడీపేటకి చుట్టూ తిరిగి రావాలి. కొన్ని సాయంత్రాలు ఆ కాస్త దూరానికి పట్టే టైం చూస్తే ఏడుపొస్తుంది.

కాబట్టి నా మాట నా లెక్కలో తీసుకోండి. మా ఆఫీసు గవర్నర్‌పేటలో. బస్సు దిగి కాలవ దాటి నడిచి వెళ్లిపోతాను, ఇంకో బండి ఎక్కే పని లేదు. మీ ఆఫీసు బెంజ్ సర్కిల్ అవతల అయితే సిటీ బస్సుకో ఆటోకో పట్టే టైం, డబ్బు కలుపుకుని చూసుకోండి. పొద్దున ఒకే టైంకి బయల్దేరగలిగిన వాళ్లయితే సీజన్ టికెట్టే తీసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలో పెద్దవాళ్లో ఉండి ఏ రోజు ఎప్పుడు బయటపడతారో తెలియనివాళ్లయితే మాత్రం ముందు ఒక నెల ఈ బస్సు ఎక్కి చూశాకే విజయవాడలో ఇల్లు వెతకండి.