నిన్నటి వక్త, నేటి శ్రోత: నాలుగేళ్ళు విన్న సాయంకాల ఉపన్యాసాలు

విజయవాడలో మా ఇంటికి దగ్గరలోని గ్రంథాలయంలో నెలకొకసారి జరిగే సాయంకాల ఉపన్యాసాలకు నేను నాలుగేళ్ళుగా వెళ్తున్నాను. వాటిని మెచ్చుకునేవారంతా ముందుగా వక్తల వైవిధ్యం గురించే చెబుతారు. ఒక నెల పాముకాటుకు చికిత్స చేసే వైద్యుడు వస్తే, మరుసటి నెల నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు వస్తారు, ఆపై నెల పాత కాగితాలను బాగుచేసే నిపుణురాలు వస్తారు. ఆ మెప్పు సరైనదే. అయితే ఇన్నాళ్ళూ నన్ను అక్కడికి రప్పించింది ఆ జాబితా కాదు, నిర్వాహకులు పెట్టుకున్న ఒక నియమం. ఒకసారి మాట్లాడిన వక్త తరువాతి మూడు నెలలూ శ్రోతగా వచ్చి మన మధ్య కూర్చోవాలి. ఆహ్వానించే రోజునే ఆ మాట తీసుకుంటారు.

సంబంధం లేని విషయాలను వరుసగా వినిపించడం పెద్ద పని కాదు. ఏ వార్షికోత్సవ సభలోనైనా అది జరుగుతుంది, ఇంటికి వచ్చేసరికి సగం మరచిపోతాం కూడా. ఇక్కడ విన్నవి మరచిపోకపోవడానికి కారణం ఆ నియమమే. కట్లపాము కాటుకు నొప్పి పెద్దగా ఉండదని, నేల మీద పడుకున్న మనిషి కాటు పడిన సంగతే తెలియక ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని, చుట్టూ పరుపు కిందికి దోపిన దోమతెర దోమలనే కాక ఆ పామును కూడా ఆపుతుందని వైద్యుడు చెప్పారు. మరుసటి నెల ఇంజనీరు కాలువ లాకుల గురించి చెబుతూ, రాత్రిళ్ళు అక్కడే పడుకునే లస్కర్ల, అంటే కాలువ కాపలా పనివారి, ప్రస్తావన తెచ్చారు. రెండో వరుసలో కూర్చున్న వైద్యుడు లేచి, వాళ్ళకు మంచాలు, దోమతెరలు ఉండేవా అని అడిగారు. ఇంజనీరు కొంతసేపు ఆలోచించి, తన ఉద్యోగ జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని, తానూ అడగలేదని ఒప్పుకున్నారు.

వీటన్నిటిలోనూ మచిలీపట్నం దగ్గరి పెడన నుంచి కలంకారీ అద్దకం పనివారు వచ్చి మాట్లాడిన సాయంత్రం నాకు మరీ ముఖ్యమైనది. ఆయనకు సభలో మాట్లాడడం అదే మొదటిసారి. మైకు పక్కకు జరిపి, సంచిలోంచి గుడ్డలు తీసి బల్ల మీద పరచి మొదలుపెట్టారు. శ్రీకాళహస్తి వారు కలంతో గీస్తారని, తాము చెక్క అచ్చులతో అద్దుతామని ఒక్క మాటలో చెప్పి, మిగిలిన గంటంతా రంగు గుడ్డకు ఎలా పడుతుందో వివరించారు. ముందుగా కరక్కాయ నీళ్ళలో గుడ్డను తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రావకాన్ని దాని మీద అద్దితే, కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట అద్దేది అసలు రంగే కాదు, పటిక. తరువాత రంగునీళ్ళలో ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. ఉడకబెట్టడానికి ముందు, గుడ్డ మీద మిగిలిపోయిన పటికను పారే నీటిలో జాడించి వదిలించాలి. నిలవ నీటిలో జాడిస్తే ఒకచోట ఊడిన పటిక మరోచోట అంటుకుంటుంది. అక్కడ కూడా ఎరుపు పట్టి, పువ్వుల చుట్టూ తెల్లగా ఉండవలసిన గుడ్డ నేల మాసినట్టవుతుంది.

ఈ మాట నోటితో చెప్పి ఊరుకోకుండా ఆయన రెండు ముక్కలు మా చేతికిచ్చారు. ఒకే అచ్చు, ఒకే రోజు అద్దినవి. ఒకటి కాలువలో జాడించినది, రెండోది తొట్టిలో జాడించినది. మొదటి దానిలో పువ్వు చుట్టూ తెలుపు తేటగా ఉంది. రెండో దానిలో నేలంతా ఎర్రమట్టి నీళ్ళు చల్లినట్టు ఉంది. ఆ ముక్కలు వరుసలు దాటుతూ ఇంజనీరు చేతికి చేరేసరికి ఆయన వాటిని చాలాసేపు చూసి, తొట్టిలో ఎందుకు జాడించవలసి వచ్చిందని అడిగారు.

“వేసవిలో మీరు కాలువ కట్టేస్తారు కదండీ,” అన్నారు అద్దకం పనివారు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు, ఎండాకాలం వస్తుందన్నంత మామూలుగా అన్నారు.

అప్పుడు ఇంజనీరు మాట్లాడిన తీరు నేను మరచిపోలేను. పూడిక తీయడానికీ, గుర్రపుడెక్క తొలగించడానికీ, గట్లకు మరమ్మతులు చేయడానికీ కాలువలు మూయక తప్పదని వివరించి, మూసే తేదీని నిర్ణయించేటప్పుడు వరికోతలూ తాగునీటి చెరువులూ లెక్కలోకి వచ్చేవి గాని, కాలువలో గుడ్డ జాడించే పని ఒకటుందని తమ కాగితాలలో తాను ఎక్కడా చూడలేదని చెప్పారు. ఆ తరువాత, తేదీ ఎన్నాళ్ళ ముందు తెలిస్తే మీకు సరిపోతుందని అడిగి, జవాబును డైరీలో రాసుకున్నారు.

అంతలో పాత కాగితాల నిపుణురాలు లేచారు. కరక్కాయతో, ఇనుముతో చేసిన సిరా కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుందని ఆమె తన ఉపన్యాసంలో చూపించారు. ఇదీ అదే కలయిక కదా, మరి గుడ్డ సంగతేమిటని అడిగారు. పాత గుడ్డలు నల్ల గీత ఉన్న చోటే ముందు చిరుగుతాయని, దానికి కారణం మాత్రం ఇప్పుడే తెలిసిందని అద్దకం పనివారు అన్నారు.

నేను హైస్కూలులో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852, విజయవాడ ఆనకట్ట 1855, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957 అని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. అదే పుస్తకంలో మరోచోట మచిలీపట్నం కలంకారీ గురించి నాలుగు వాక్యాలు ఉండేవి. ఆ రెండు పాఠాలకూ మధ్య ఒక కాలువ పారుతోందని నా పిల్లలకు నేను ఎన్నడూ చెప్పలేకపోయాను. ఈ బాధ నాకు నిజంగా ఉంది. అందుకే ఈ ఉపన్యాసాల మీద నా అభిమానం కొంత అతిగా కనిపిస్తే చదివేవారు అర్థం చేసుకోవాలి.

పైన నియమం అన్నాను గాని, అది అన్నివేళలా నిలిచిందనుకోకూడదు. మొదటి రెండేళ్ళలో చాలామంది వక్తలు మాట నిలబెట్టుకున్నారు. తరువాత దూరపు వక్తలు పెరిగారు, రాకపోకలు తగ్గాయి. గత ఏడాది నుంచి కొన్ని సాయంత్రాలు ఇద్దరేసి వక్తలను పెడుతున్నారు. జాబితా మరింత వైవిధ్యంగా కనిపిస్తోంది గాని, ప్రశ్నలకు పావుగంట కూడా మిగలడం లేదు. పెడన సాయంత్రం ప్రశ్నలు గంటన్నర సాగాయని గుర్తుచేస్తూ నిర్వాహకులకు ఉత్తరం రాశాను.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఆ అద్దకం పనివారు మరుసటి నెల రాలేదు, ఆ తరువాతా రాలేదు. నిర్వాహకులు వక్తలకు బస్సు ఖర్చులిస్తారు గాని, పెడన నుంచి సాయంత్రానికి ఇక్కడికి చేరాలంటే ఆ మధ్యాహ్నం నుంచి కూలి వదులుకోవాలి. పింఛను వచ్చే ఇంజనీరుకు, నాకు సులువైన నియమం ఆయనకు ఒక పూట సంపాదనతో సమానం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు మాది. పుస్తకం కొనలేనివాడికీ చదువు అందాలని ఇంటింటికీ తిరిగినవారి ఊళ్ళో, వేదిక మీదికి అందరినీ పిలిచి, ఎదుటి కుర్చీల్లో మాత్రం తీరిక ఉన్నవాళ్ళమే కూర్చోవడం నాకు సరిగా తోచడం లేదు.

వెళ్ళవచ్చా అని అడిగితే నేను వెళ్ళమనే అంటాను, కాని నా పరిస్థితి వేరు. పది నిమిషాలు నడిస్తే హాలుకు చేరతాను, ఇంట్లో నా కోసం ఎదురుచూసే పనీ లేదు. గన్నవరం నుంచో మంగళగిరి నుంచో రావలసినవారు ఒక్క ఉపన్యాసానికి వచ్చి నిరాశపడే అవకాశం ఉంది, ఎందుకంటే అసలు రుచి వరుసగా మూడు నాలుగు నెలలు వింటే గాని తెలియదు. ఒకే విషయాన్ని లోతుగా నేర్చుకోవాలనుకునేవారికి కూడా ఇది చాలదు. పాముకాటు గురించి రెండో ఉపన్యాసం కోసం నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

మొన్న పెడన ఫోన్ చేసి, మళ్ళీ ఎప్పుడు రాగలరని అడిగాను. కాలువ కట్టేసిన నెలలో అయితే పని ఉండదని, అప్పుడు వస్తానని ఆయన అన్నారు. ఆ నెలకు ఎవరిని వక్తగా పిలుస్తారో నిర్వాహకులు ఇంకా చెప్పలేదు.