గుంపు డ్రైవులా, ర్యాలీలా: బెంగళూరు నుంచి కొన్నేళ్లు తిరిగాక

నాలుగు కార్లు కలిసి లేపాక్షి వెళ్లి రావడానికి మళ్లీ కార్ల క్లబ్బెందుకు, డబ్బు కట్టడమెందుకు అని మా ఆఫీసులో తెలుగువాళ్లు అడుగుతుంటారు. మామూలు ఆదివారం డ్రైవుకైతే నిజంగానే అక్కర్లేదు. టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీకి మాత్రం కట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటే.

ముందు డ్రైవుల సంగతి. తెల్లారకముందే హెబ్బాళ దాటి, ఎన్‌హెచ్ 44 మీద బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హిందూపురం రోడ్డెక్కితే లేపాక్షి. సుమారు 120 కిలోమీటర్లు. ముందు లీడ్ కారు, చివర స్వీప్ కారు, మలుపు దగ్గర వెనక బండి కనబడేదాకా ఆగాలన్న నియమం. పది కార్లదాకా ఇది హాయిగా సాగుతుంది. పాతిక దాటితే టోల్‌గేటు దగ్గరే ముక్కలైపోతుంది. ఫాస్టాగ్‌లో డబ్బుల్లేని మహానుభావుడు ఒకడైనా ఉంటాడు. ఇంకో జాడ్యం, నాలుగు ఇండికేటర్లూ వేసుకుని ఊరేగింపులా నడపడం. ఇక ఎటు తిరుగుతున్నాడో వెనకవాడికేం తెలుస్తుంది?

ర్యాలీ వేరే లోకం. వేగంగా వెళ్లడం కాదు, చెప్పిన సగటు వేగానికి చెప్పినట్టు వెళ్లడం. గంటకు 36 అంటే కిలోమీటరుకు సరిగ్గా 100 సెకన్లు. ముందొచ్చినా పెనాల్టీయే, నేను వెళ్లినవాటిలో ఆలస్యానికి పడేదానికి అది రెట్టింపు. మన టైమ్ రాసుకునే చోటు, అంటే టైమ్ కంట్రోల్, ఎక్కడుంటుందో చెప్పరు. దారి చెప్పే రోడ్‌బుక్‌లో ఊరి పేర్లుండవు, వచ్చే వైపుకి ఒక చుక్క, వెళ్లే వైపుకి ఒక బాణం, మలుపుల మధ్య దూరం, అంతే. మొదట్లో కారులోని కిలోమీటర్ల మీటరు సరిచూసుకోడానికి కొంత దూరం ఇస్తారు. పుస్తకంలో 10 కిలోమీటర్లున్నచోట మన మీటరు 10.2 చూపిస్తే, ఆ తర్వాత ప్రతి లెక్కలోనూ అదే నిష్పత్తిలో తేడా కలుపుకోవాలి. టైర్ల సైజు మార్చినవాళ్లకు ఇక్కడే చుక్కలు కనిపిస్తాయి.

కోలారు జిల్లా శ్రీనివాసపుర మామిడి తోటల వైపు ఒకసారి ర్యాలీలో వెళ్తుంటే, అడక్కముందే ఓ పెద్దాయన తెలుగులోనే, "మీవోళ్లంతా అట్ల పోయినారు నాయనా" అని కుడివైపు చూపించాడు. పక్కన దారి చెబుతున్న మా బావమరిది రోడ్‌బుక్ మీంచి తలెత్తకుండా, "బాణం ఎడమకుంది బావా, పోనీ" అన్నాడు. కుడివైపు పోయినవాళ్లు అరగంట తర్వాత మా వెనక తేలారు.

మామూలు హ్యాచ్‌బ్యాక్ చాలు. కాలిక్యులేటర్, రాసుకునే అట్ట, స్టాప్‌వాచ్ ఉంటే కొత్తవాళ్ల విభాగంలో దిగొచ్చు. నిర్వాహకులకు దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ని చూసే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతి ఉందో లేదో ముందే అడగండి. పిల్లల్ని మాత్రం ఆదివారం డ్రైవుకే తీసుకెళ్లండి. ర్యాలీలో ఎక్కడ పడితే అక్కడ బండి ఆపడం కుదరదు. పుస్తకం చూస్తూ కూర్చునేవాడికి కడుపులో తిప్పడం కూడా మామూలే, జేబులో ఓ నిమ్మకాయ పెట్టి కూర్చోబెట్టండి.