వైకుంఠానికి మూడు దారులు: ఫ్రెట్ సా, స్క్రోల్ సా, లేజర్ షాపు... ఏది మేలు?

మా పై ఫ్లోరు మాస్టారు రిటైరయ్యాక విశాఖలో పెందుర్తి వైపు సొంత ఇల్లు కట్టుకున్నారు. దానికి 'వైకుంఠం' అని పేరు పెట్టుకున్నారు. "నువ్వెలాగూ ఆదివారాలు చెక్కలు కోస్తుంటావు కదా బాబూ, గుమ్మానికి ఆ పేరేదో కోసి పెట్టు" అన్నారు. సరే అనేశాను. చెక్క కోసేవాణ్ణి ఏడిపించడానికే పుట్టిన మాటలు తెలుగులో కొన్ని ఉన్నాయనీ, వాటిలో ఇది మొదటి వరసలో ఉంటుందనీ అప్పటికి తెలీదు.

పలికితే మూడే అక్షరాలు. కోస్తే ఏడు ముక్కలు. 'వై' కింద ఉండే ఐత్వం తోక అక్షరం ఒంటికి అంటదు, అదొక ముక్క. రెండు సున్నాలు రెండు ముక్కలు. సున్నా అంటే ఉంగరం కాబట్టి బయటా కోయాలి, లోపలా కోయాలి. ఇక 'ఠ'. దాని కడుపులో ఒక చుక్క ఉంటుంది, దేనికీ అంటకుండా గాల్లో. ఆ చుక్క ఊడిందా, వైకుంఠం కాస్తా వైకుంరం.

ఆదివారం పూట కంచరపాలెంలో ఒక మిత్రుడి డాబా మీద చేరతాం మేం నలుగురం. ఈ పేరు సంగతి చెప్పగానే తలా ఒక మాట అన్నారు. చేత్తో కోస్తేనే అందం అని ఒకరు, మిషను ఉండగా ఆ చాకిరీ ఎందుకని ఇంకొకరు. మూడో ఆయన అయితే "లేజర్ వాడికి ఫైలు పంపితే టీ తాగి వచ్చేలోపు ఇచ్చేస్తాడు కదండీ" అన్నాడు. వాదన తెగలేదు. అందుకే మూడు రకాలుగానూ చేయించాను. బొమ్మ ఒకటే, అక్షరాల ఎత్తు నాలుగు అంగుళాలు. చెక్క మాత్రం ఏ పద్ధతికి నప్పేది ఆ పద్ధతికి తీసుకున్నాను.

ముందొక మాట. హార్డ్‌వేర్ షాపులో స్క్రోల్ సా అంటే నూటికి తొంభై మంది చేతిలో జిగ్‌సా పెడతారు. రెండూ ఒకటి కాదు. జిగ్‌సా చేత్తో పట్టుకుని చెక్క మీద నడిపేది. బ్లేడు ఒక్క కొసే బిగించి ఉంటుంది కాబట్టి అది మందంగా, వెడల్పుగా ఉండక తప్పదు. కిచెన్ గట్టు మీద సింకుకు కన్నం కోయడానికి అది చాలు, సున్నా లోపల తిరగడానికి పనికిరాదు. స్క్రోల్ సాలో మిషను కదలదు, చెక్కే కదులుతుంది. బ్లేడు రెండు కొసలా బిగించి ఉంటుంది, అందుకే దారమంత సన్నగా ఉన్నా తట్టుకుంటుంది. ఫ్రెట్ సా అంటే ఇదే పని చేసే చేతి రంపం. లోతైన ఇనుప ఫ్రేము, ఐదంగుళాల బ్లేడు, ఒక పిడి.

ఫ్రెట్ సాతోనే మొదలుపెట్టాను. ఆరు మిల్లీమీటర్ల ప్లై. బల్ల అంచుకు ఒక చిన్న పలకను సి క్లాంపుతో బిగించి, దాని కొసన వి ఆకారంలో గాడి కోసి, చెక్కను ఆ గాడి మీద పెట్టి కోయాలి. రంపం నిటారుగా పైకీ కిందికీ ఆడుతుంటే ఎడమ చేత్తో చెక్కను తిప్పుతూ పోవాలి. కొత్తవాళ్ళు రంపాన్ని తిప్పుతారు, బ్లేడు టప్‌మంటుంది. పళ్ళు పిడి వైపుకి, అంటే కిందికి చూడాలి. కిందికి లాగినప్పుడే కోత పడుతుంది. ఇది చెప్పేవాళ్ళు లేక నేను మొదటి నెల బ్లేడు తిరగేసి బిగించి, చెక్క గాడిలోంచి ఎగిరి పడుతుంటే చెక్కదే తప్పనుకున్నాను.

సున్నా లోపల కోయాలంటే సన్నటి బిట్టుతో కన్నం పెట్టి, బ్లేడు ఒక కొస ఊడదీసి, కన్నంలోంచి దూర్చి, ఫ్రేమును బల్లకు ఆనించి పొట్టతో నొక్కి పట్టి మళ్ళీ బిగించాలి. బిగువు సరిపోయిందో లేదో గోటితో మీటితే తెలుస్తుంది. బొబ్బిలి వీణ తీగంత కాకపోయినా టింగుమని పలకాలి. మొద్దుగా పలికితే కోత పక్కకు పోతుంది.

ఏడు ముక్కలకి రెండు సాయంత్రాలు పట్టింది, నాలుగు బ్లేడులు విరిగాయి. గీత మీద కోత బాగానే నిలిచింది, కానీ అంచు మాత్రం నిటారుగా రాలేదు. పైన గుండ్రంగా ఉన్న సున్నా వెనక్కి తిప్పితే కోడిగుడ్డు. చేత్తో ఆరేడు మిల్లీమీటర్లు దాటితే ఈ వాలు ఇంకా పెరుగుతుంది. అయితే ఒక్క విషయం: పనంతా రాత్రి పదింటికి హాల్లో కూర్చుని టీవీ పక్కనే చేసుకున్నాను. మా ఆవిడ పొట్టు గురించి తప్ప చప్పుడు గురించి ఒక్క మాట అనలేదు.

స్క్రోల్ సా మిషను కథ వేరు. అసలు ఇప్పుడున్నది రెండో మిషను. మొదటిది మా బావమరిది అమెరికా నుంచి మోసుకొచ్చింది. అది 120 వోల్టుల సరుకు, మన ప్లగ్గులో వచ్చేది 230. అడాప్టర్ పెడితే సరిపోతుందనుకున్నాం. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది కానీ వోల్టేజీని కాదని ఒక్క సెకనులో, కాలిన వాసనతో సహా తెలిసింది. అక్కడి నుంచి తెప్పించుకునే ఆలోచన ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా కలుపుకోండి. అది వోల్టేజీ తగ్గిస్తుంది గానీ మన 50 హెర్ట్జ్‌ను అక్కడి 60 చెయ్యలేదు, అదీ గుర్తుంచుకోండి. ఇక్కడి మిషను కొనడమే సుఖం. మామూలుదైనా వేలల్లో ఉంటుంది, ఫ్రెట్ సా అయితే వందల్లో వస్తుంది.

కొనేటప్పుడు రంగూ, లైటూ, గాలి ఊదే గొట్టమూ తర్వాత చూడొచ్చు. పిన్ను లేని బ్లేడు పడుతుందా లేదా, అది ముందు అడగండి. చవక మిషన్లు కొన్ని కొసల్లో అడ్డపిన్ను ఉన్న బ్లేడులే తీసుకుంటాయి. పిన్ను దూరాలంటే చెక్కకు పావు అంగుళం కన్నం కావాలి. పిన్ను లేనిదైతే మిల్లీమీటరున్నర కన్నం చాలు. మా చుక్కకూ ఠ గోడకూ మధ్య ఖాళీయే పావు అంగుళం లేదు. పిన్ను బ్లేడుతో వైకుంఠం కోయడం వైకుంఠానికి వెళ్ళాకే కుదురుతుంది.

దీనికి టేకు తీసుకున్నాను. పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన కిటికీ చట్రం, 18 మిల్లీమీటర్ల మందం. ఇలాంటి పాత కర్రలో మేకులు దాక్కుని ఉంటాయి, అయస్కాంతంతో తడమకుండా బ్లేడు పెట్టకండి. ముందు మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గీసిన కాగితం జిగురుతో అతికించి, అన్నిటి పైనా పార్సిల్ టేపు వేశాను. మాస్కింగ్ టేపు ఉంటే కాగితం చివర్లో తేలిగ్గా ఊడొస్తుంది. పార్సిల్ టేపు వల్ల బ్లేడుకు కాస్త జారుడు వచ్చి చెక్క మాడదు. మొదట్లో నేనూ నమ్మలేదు. ఒకసారి టేపు వేసి, ఒకసారి వేయకుండా పక్కపక్కన కోసి చూశాక నోరు మూసుకున్నాను.

ఈ మందానికి 5వ నంబరు బ్లేడు. నంబరు పెరిగేకొద్దీ బ్లేడు లావు. సన్నటి ప్లైకి 1, 3 చాలు. కింది కొసన కొన్ని పళ్ళు తిరగేసి ఉండే రకం తెచ్చుకుంటే చెక్క అడుగున నారలు లేవవు. అన్ని వైపులా పళ్ళుండే మెలి బ్లేడు కూడా దొరుకుతుంది. చెక్క తిప్పకుండానే ఎటైనా కోయొచ్చు కదా అని కొత్తలో ఎగబడి కొన్నాను. కోత లావుగా, అంచు గరుకుగా వస్తుంది. అక్షరాలకు వద్దు. చెక్క మరీ పెద్దదై తిప్పడానికి మిషను చేయి అడ్డొస్తుంటే అప్పుడు సరే.

బ్లేడు తిన్నగా కోయదు, ఈ సంగతి తెలిస్తే సగం పని వచ్చినట్టే. తయారీలో ఒక పక్క సన్నటి గరుకు మిగిలిపోతుంది, ఆ పక్కకే లాగుతుంది. మామూలుగా కుడికి. అందుకని చెక్కను కొద్దిగా ఏటవాలుగా పెట్టి తోయాలి. మొదట్లో టెన్షన్ పడిపోయి బలంగా తోసేవాణ్ణి. నెట్టకూడదు, బ్లేడు తినే వేగంతో అందించాలి. మా అపార్ట్‌మెంట్‌లో పని చేసిన ఒక ముసలి వడ్రంగి చూసి, "ఏటి బాబూ, పిల్లాడికి అన్నం కుక్కినట్టు కుక్కేస్తన్నావు" అన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నాకు అదే పాఠం.

ఇక ఆ చుక్క. ఠ లోపలి భాగం కోయగానే గుండ్రటి బిళ్ళ ఒకటి కింద పడుతుంది. అందరూ దాన్ని పారేసి చుక్కను వేరే తునకలోంచి చేస్తారు. నేను ఆ బిళ్ళనే తీసుకుని దాని నడిమధ్యలోంచి చుక్క కోశాను. అప్పుడు కర్ర గీతలు అక్షరంలోంచి చుక్కలోకి, చుక్కలోంచి మళ్ళీ అక్షరంలోకి ఆగకుండా నడుస్తాయి. అంత చిన్న ముక్క మిషను బల్ల కన్నంలోంచి జారిపోకుండా దాన్ని అట్టముక్క మీద టేపుతో అంటించి, రెండూ కలిపి కోయాలి. వేళ్ళకీ బ్లేడుకీ మధ్య దూరం కూడా మిగులుతుంది.

మొత్తం గంటంపావు పట్టింది. అంచులు అద్దంలా నిటారు. కానీ మా కింది ఫ్లోరు వాళ్ళు రెండుసార్లు తలుపు తట్టారు. మిషను ఊపు శ్లాబు పట్టుకుని దిగుతుంది. బరువైన బల్లకు బోల్టులు బిగించి, కాళ్ళ కింద పాత టైరు ముక్కలు వేశాక గొడవ సద్దుమణిగింది. ఇంకో శత్రువు మన సముద్రపు గాలి. బీచ్ రోడ్డుకి దగ్గరలో ఉంటే పోత ఇనుము బల్ల మీద పది రోజుల్లో ఎర్రటి పొర వస్తుంది. కొవ్వొత్తి రుద్ది గుడ్డతో తుడిస్తే తుప్పూ ఆగుతుంది, చెక్కా జారుతుంది. బ్లేడులు మూత గట్టి డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లాలతో పాటు వేసి ఉంచండి.

లేజర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే నేను చేసింది ఏమీ లేదు. "మెరైన్ ప్లై వద్దు సార్, జిగురు బొగ్గైపోద్ది, ఎండీఎఫ్ తెచ్చుకోండి" అన్నాడు కుర్రాడు. ఎండీఎఫ్ అంటే చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక. నేను యూనికోడ్‌లో పంపిన పేరు వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ముక్కలై కనబడింది, ఐత్వం ఒక చోట, సున్నా ఒక చోట. తెలుగు పని ఇచ్చేవాళ్ళు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పని లేని ఉత్త గీతలుగా మార్చి పంపాలి, లేదా వాళ్ళ దగ్గరున్న అను ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) కొట్టించుకోవాలి. ఆ తర్వాత కోత నిమిషాల్లో అయిపోయింది. గీత తప్పే ప్రశ్నే లేదు. అంచులు మాత్రం నల్లగా మాడి ఉంటాయి, ముట్టుకుంటే వేలికి అంటుతుంది. ఇంటికొచ్చి చూసుకుంటే చుక్క లేదు. మిషను జాలీలోంచి ఎటో పడిపోయిందట, మళ్ళీ వెళ్ళి ఇంకోటి కోయించుకున్నాను.

మరి ఏది మేలు? చేతికి ఈ సరదా ఉందో లేదో తేల్చుకోవాలంటే ఫ్రెట్ సా. ఆరు నెలలు కోశాక కూడా మీకు విసుగు రాకపోతే అప్పుడు మిషను మాట ఎత్తండి. ముందే కొన్నవాళ్ళ మిషన్లు బట్టలు ఆరేసుకునే స్టాండులైపోవడం కళ్ళారా చూశాను. మందం కావాలన్నా, ఒకే బొమ్మ నాలుగైదు కావాలన్నా స్క్రోల్ సా. సంక్రాంతి బొమ్మల కొలువుకి మూడు మిల్లీమీటర్ల ప్లై ఐదు పలకలు దొంతర పెట్టి చుట్టూ టేపు వేసి ఒక్క కోతలో ఐదుగురు హరిదాసుల్ని, ఐదు గంగిరెద్దుల్ని దింపాం. చేతి రంపంతో ఆ దొంతర కోస్తే పై హరిదాసుకీ అడుగు హరిదాసుకీ పోలిక ఉండదు. పెళ్ళికి యాభై రిటర్న్ గిఫ్టులు కావాలంటే మాత్రం లేజర్‌కి పోండి, అక్కడ బింకానికి పోయి నడుం విరగ్గొట్టుకోవద్దు.

ఒక దగ్గర మాత్రం మిషనుకి సాటి లేదు. అంగుళంన్నర చదరపు కర్ర తీసుకుని పక్కపక్క ముఖాల మీద బొమ్మ రెండు వైపులా గీసి, ఒక ముఖం కోసి, తెగిన ముక్కల్ని మళ్ళీ టేపుతో యథాస్థానంలో కట్టి, పక్కకు తిప్పి రెండో ముఖం కోస్తే, లోపలి నుంచి నిండు బొమ్మ బయటికొస్తుంది. లేజర్ పలకను కోస్తుంది గానీ ఇది చెయ్యలేదు. దీనికి అంకుడు కర్ర ప్రాణం. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది ఆ కర్రతోనే. తెల్లగా, మెత్తగా, గీతలు కనబడనంత నున్నగా ఉంటుంది. మాను సన్నం కాబట్టి వెడల్పు పలకలు రావు, ఈ పనికి వాటితో అవసరమూ లేదు.

మాస్టారు టేకుది గుమ్మానికి పెట్టుకున్నారు. ప్లైది నా దగ్గరే ఉంది. ఎండీఎఫ్‌ది ఊరికే పోవడమెందుకని గేటుకి బిగించారు, వద్దని నేను అంటూనే ఉన్నాను. మొదటి వానలకే అంచులు ఉబ్బాయి. మొన్న పొద్దున్నే ఫోన్: "బాబూ, గేటు మీద మనది వైకుంరం అయిపోయింది."

టేకు తునకల డబ్బా వెతికి, అట్టముక్క మీద అంటించి, ఫ్రెట్ సాతో ఒక చుక్క కోసి, ఎమరీ పేపర్ మీద నాలుగుసార్లు రుద్దాను. పది నిమిషాల పని. ఆదివారం వెళ్ళి అతికించాలి.