గ్రానైట్ పెగ్మటైటా, క్షార పెగ్మటైటా: మన విద్యార్థికి ఏది మేలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో భూగర్భశాస్త్రం చదివేవారికి పెగ్మటైట్ కొత్త శిల కాదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టల్లో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, తెల్లని పలుగురాయి పెద్ద పలుకులుగా పేరుకున్న పట్టీలు అవే. మాగ్మా, అంటే భూగర్భంలో కరిగిన శిలాద్రవం, చాలావరకు గట్టిపడ్డాక మిగిలిన ద్రవంలో నీరు, ఫ్లోరిన్ వంటివి పోగై దాన్ని పలుచబరచడం వల్ల స్ఫటికాలు అంతగా పెరుగుతాయి. గ్రానైట్‌లోనైనా, సోడియం, పొటాషియం అధికంగా ఉన్న నెఫెలిన్ సైనైట్ వంటి క్షార శిలలోనైనా ఈ క్రమం దాదాపు ఒకటే. తేడా ఆ ద్రవపు రసాయన స్వభావంలో ఉంది.

నెఫెలిన్ సైనైట్ మాగ్మాలో సిలికా, అంటే పలుగురాయికి మూలమైన పదార్థం, చాలదు. సిలికా మిగిలితే నెఫెలిన్ అనే ఖనిజం దానితో కలిసి ఆల్బైట్ అనే సోడియం ఫెల్డ్‌స్పార్‌గా మారుతుంది కనుక, నెఫెలిన్, పలుగురాయి సమతుల్య స్థితిలో ఒకేచోట ఉండవు. సోడియం, పొటాషియం మోల్‌ల (పరమాణువుల సంఖ్య) లెక్కన అల్యూమినియాన్ని బాగా మించినప్పుడు జరిగేది మరీ ఆసక్తికరం: సాధారణ గ్రానైట్‌లో తొందరగా జిర్కాన్ ఖనిజంగా విడిపోయే జిర్కోనియం, ఇక్కడ ద్రవంలోనే కరిగి ఉండిపోయి, చివరకు నయోబియం, విరళ మృత్తిక (రేర్ ఎర్త్) లోహాలతో పాటు యూడియలైట్ వంటి అరుదైన ఖనిజాల్లో చేరుతుంది. గ్రీన్‌లాండ్‌లోని ఇలిమౌసాక్, రష్యాలోని లొవోజెరో అందుకే ప్రసిద్ధి. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1829లో థోరియంను గుర్తించింది కూడా నార్వే క్షార పెగ్మటైట్ ఖనిజంలోనే.

ఖనిజ వైవిధ్యమే కొలమానమైతే క్షార పెగ్మటైట్‌దే పైచేయి. గ్రానైట్ వర్గంలోనూ లిథియం, బెరీలియం, టాంటలం నిండినవి ఉన్నాయి గానీ, మన గుట్టల్లో సాధారణంగా కనిపించేవి సాదా పట్టీలే. నల్లగొండ జిల్లా రామడుగు దగ్గరి లాంప్రోయిట్‌లు పొటాషియం అధికంగా ఉన్న క్షార శిలలే అయినా, అవి పెగ్మటైట్‌లు కావు. నెఫెలిన్ సైనైట్ చూడాలంటే ప్రకాశం ప్రాంతపు ఎల్చూరుకో, గోదావరి, శబరి కలిసే కూనవరానికో వెళ్లాలి.

అయినా చదువు మొదలుపెట్టడానికి మన గ్రానైట్ పట్టీలే మేలని నా దృఢాభిప్రాయం. నెఫెలిన్ చూపుకు పలుగురాయిని పోలి ఉంటుంది. దాని జిడ్డు మెరుపును, వాతావరణానికి అరిగి గుంటలు పడిన పైభాగాన్ని పసిగట్టాలంటే అసలు పలుగురాయి కంటికి బాగా అలవాటై ఉండాలి. ఎల్చూరు వెళ్లేవారు ఇక్కడి పలుగురాయి ముక్కనొకటి వెంట తీసుకువెళ్లడం మంచిది: మోస్ కొలమానంపై కాఠిన్యం 7 ఉన్న ఆ ముక్క, 5.5 నుంచి 6 మాత్రమే ఉన్న నెఫెలిన్ మీద తేలికగా గీత పెడుతుంది.