ఉన్నితో నాడీకణాలు: ఏళ్ల తరబడి నీడిల్ ఫెల్టింగ్ చేశాక నా అభిప్రాయం

సైన్సు బొమ్మలను గుడ్డ మీదకి తేవాలనుకునేవారికి ముందే ఒక మాట. అంచులు మెత్తగా ఉండే విషయాలకు నీడిల్ ఫెల్టింగ్‌ను, అంటే గాట్ల సూదితో పొడిచి పొడిచి ఉన్నిని గట్టిపరిచే పనిని, మించిన పద్ధతి నాకు ఇంతవరకు కనిపించలేదు. నాడీకణాలు, కణజాలం, నెబ్యులాలు (అంతరిక్షంలోని ధూళి, వాయు మేఘాలు) దీంట్లో ప్రాణం పోసుకుంటాయి. కచ్చితమైన జ్యామితి కావాలంటే మాత్రం ఇది చాలా సతాయిస్తుంది. డయాటమ్ అనే సూక్ష్మ నాచు పెంకు మీద వరుసగా ఉండే రంధ్రాలు, ఇరవై ముఖాల వైరస్ కవచం లాంటివాటికి ఎంబ్రాయిడరీ గాని, కాగితం మడతలు గాని మేలు. ఉన్ని ఎంత గట్టిగా పొడిచినా పదునైన అంచు నిలబెట్టదు. మూలలు కొన్నాళ్లకే గుండ్రబడతాయి.

పని జరిగే తీరు తేలికే. సూది మొన దగ్గర చిన్న చిన్న గాట్లు ఉంటాయి. పొడిచిన ప్రతిసారీ అవి కొన్ని పీచులను లోపలికి ఈడ్చుకెళ్తాయి, సూది బయటికొచ్చేటప్పుడు అక్కడే వదిలేస్తాయి. ఉన్ని పీచుకు సహజంగా ఉండే వంకరలు, పైనున్న సన్నటి పొలుసులు వాటిని పట్టి ఉంచుతాయి. నీళ్లు, సబ్బు అక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో నేత లేని గుడ్డ తయారుచేసే పెద్ద యంత్రాల్లో ఉండేవి కూడా ఈ సూదులే.

సూదుల విషయంలో పొదుపు చేయకండి. సూది మందాన్ని చెప్పే గేజ్ నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఆకారం నిలబెట్టడానికి 36, ఎక్కువ పనికి 38, పైపూతకి 40, సన్నటి గీతలకి 42 వాడతాను. ఒక్కటే కొనగలిగితే 38 కొనండి. పెట్టెలో కలిసిపోతే ఏది ఏదో కనుక్కోవడం కష్టం కాబట్టి, ఒక్కో గేజ్‌కి ఒక్కో రంగు నెయిల్ పాలిష్ పైభాగాన పూస్తాను. సూది ఏ కోణంలో లోపలికి వెళ్లిందో అదే కోణంలో బయటికి రావాలి. గట్టిపడిన ఉన్నిలో పక్కకి వంచితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన మొన లోపల ఉండిపోతే వెతికి తీయాల్సిందే, వదిలేయకూడదు. గాట్లు తిరగేసి ఉండే రివర్స్ సూది కూడా ఒకటి దగ్గర పెట్టుకోండి. అది పీచును బయటికి లాగుతుంది. పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్లలా పొడుచుకొచ్చే విల్లైల నూగు చూపించడానికి అంతకన్నా మంచి సాధనం లేదు.

నేను ఈ పద్ధతికి కట్టుబడిపోయింది పుర్కింజీ కణం వల్ల. చిన్నమెదడులో ఉండే ఈ నాడీకణం కొమ్మలన్నీ దాదాపు ఒకే తలంలో విసనకర్రలా పరుచుకుంటాయి. అంటే బల్లపరుపు గుడ్డ మీద వేసినా అబద్ధం చెప్పినట్టు కాదు. మెదడులో చాలా కణాల విషయంలో ఈ మాట అనలేం. ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ 1873లో కనిపెట్టిన రంగు పద్ధతిలో వేల కణాల్లో కొన్నే నల్లగా, మొత్తంగా కనిపిస్తాయి. ఆ పద్ధతితోనే స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ వేసిన చిత్రాలు ఇప్పటికీ నాకు పాఠాలు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. పసుపుపచ్చ ఫెల్ట్ మీద నల్ల ఉన్ని వేయగానే అదే లోకం కళ్లముందు నిలుస్తుంది.

కొమ్మ ఎక్కడ చీలుతుందో, చీలాక ఎంత సన్నబడుతుందో ఉన్ని దాచనివ్వదు. పెన్సిల్‌తో అయితే గీత గీసేసి ముందుకెళ్లిపోవచ్చు. ఇక్కడ మందం తగ్గించాలంటే పీచులు విడదీయాలి, చివరికి నాలుగైదు పీచులే మిగలాలి. అందుకే ప్రతి చీలిక దగ్గరా మూలచిత్రం మళ్లీ చూస్తాను. కణం నుంచి సంకేతాన్ని బయటికి మోసుకెళ్లే తంతువు, ఆక్సాన్, ఒక్కటే కింది వైపుకి వెళ్తుంది, అదీ సన్నగా. దాన్ని కొమ్మలంత లావుగా చేసి అమ్మే బొమ్మలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంకో సంగతి. మెరీనో ఉన్ని పీచు మందం సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పుర్కింజీ కణదేహం కూడా దాదాపు ఆ స్థాయిదే, కాస్త పెద్దది. చేతిలో ఉన్న ఒక్క పీచు, నేను బారెడు గుడ్డ మీద పెంచి చూపిస్తున్న కణమంత మందం అన్నమాట. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, పిల్లలు బొమ్మకి అతుక్కుపోతారు.

మెరీనోని పైపొరకే ఉంచండి. దువ్విన ఉన్నిలో పీచులన్నీ ఒకే వైపుకి ఉంటాయి కాబట్టి గీతలకి బాగుంటుంది గాని, ముద్దగా కుదించాలంటే చాలాసేపు పొడవాలి. లోపలి భాగానికి పీచులు అన్ని వైపులకీ చిక్కుపడి కాస్త గరుకుగా ఉండే కార్డెడ్ ఉన్ని తీసుకుంటే పని త్వరగా అవుతుంది. రంగులు కలపడానికి కుక్కలను దువ్వే తీగల బ్రష్‌లు రెండు సరిపోతాయి. హెమటాక్సిలిన్, ఈయోసిన్ అనే రంగులు వేసిన కణజాలం స్లైడ్‌లో కేంద్రకాలు నీలి ఊదా, మిగతాదంతా గులాబీ. ఆ గులాబీలో ఎన్ని ఛాయలుంటాయో బ్రష్‌ల మీద కలిపితేనే తెలుస్తుంది. రెడీమేడ్ గులాబీ ఒక్కటే వేస్తే బొమ్మ చప్పగా ఉంటుంది.

వైరస్‌ల రంగుల గురించి కూడా చెప్పాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఇచ్చే చిత్రం నలుపు తెలుపే, రంగులు తర్వాత వేసినవి. ఏ రంగు వేసుకున్నా తప్పులేదు. ప్రదర్శనలో పెట్టేటప్పుడు మాత్రం రంగు నా ఎంపిక అని పక్కన రాసిపెడతాను. చూసేవాళ్లు దాన్ని నిజమని నమ్మి వెళ్లకూడదు కదా.

గుడ్డ మీద కాకుండా విడిగా నిలబెట్టే బొమ్మలకి లోపల తీగ కావాలి, తీగ తగిలితే సూది మొన పోతుంది. డీఎన్‌ఏ చేసేవాళ్లు మెలిక ఎటు తిరుగుతుందో ముందే చూసుకోండి. మామూలు స్క్రూ మరలు తిరిగే వైపే తిరగాలి, రెండు గాడుల్లో ఒకటి వెడల్పుగా, ఒకటి ఇరుకుగా ఉండాలి. చాలా అందమైన బొమ్మలు ఇక్కడే తప్పుతాయి.

పొడిచేటప్పుడు గుడ్డ కింద పెట్టే ఫోమ్ దిమ్మె త్వరగా పొడిపొడి అయిపోతుంది, ఆ ముక్కలు బొమ్మ వెనక అంటుకుంటాయి. గట్టి ఉన్ని దిమ్మె చాలా కాలం వస్తుంది. ఏది వాడినా మధ్యమధ్యలో గుడ్డని లేపుతూ ఉండాలి, లేదంటే దిమ్మెకి అతుక్కుపోతుంది. మణికట్టు నొప్పి నిజమైన ఇబ్బంది. పెద్ద పని పెట్టుకున్నప్పుడు నాలుగైదు సూదులు పట్టే పిడి వాడితే భారం తగ్గుతుంది. వేళ్లకి తోలు తొడుగులు తప్పనిసరి.

అసలు టెన్షన్ పురుగులతో. బట్టల చిమ్మట లార్వాలు కెరాటిన్ అనే ప్రొటీన్ తినే బతుకుతాయి, ఉన్ని అంటే కెరాటినే. కొత్త ఉన్ని రాగానే గాలి చొరని సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెడతాను. పూర్తయిన పనికి అద్దం ఉన్న ఫ్రేమ్ వేయిస్తాను. దుమ్ము పట్టదు, చేతులతో తడమరు. ఎండ నేరుగా పడే గోడకి మాత్రం పెట్టకండి, రంగులు వెలిసిపోతాయి.

మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా టార్డిగ్రేడ్, నీటి ఎలుగుబంటి అని కూడా పిలిచే సూక్ష్మజీవి. అసలు జీవి ఎక్కువగా ఒక మిల్లీమీటరు కన్నా చిన్నది, బొద్దుగా ఉంటుంది, ఎనిమిది కాళ్లు. ఆ ఒళ్లు ముడతలు ఉన్నికి చక్కగా కుదురుతాయి, చిన్న హెచ్చుతగ్గులున్నా తెలియవు. చివరి జత కాళ్లు వెనక్కి తిరిగి ఉండేలా మాత్రం చూసుకోండి.